ఎండిపోయిన కాలమెల్ ఎలక్ట్రోడ్లకు మరమ్మతు: విశాఖ ల్యాబ్ డైరీ

పని, పదార్థం

విశాఖపట్నంలోని ఒక డిగ్రీ కళాశాల రసాయనశాస్త్ర ప్రయోగశాలలో, అలమరా కింది అరలో పడి ఉన్న 12 సంతృప్త కాలమెల్ ఎలక్ట్రోడ్లను పరీక్షించి, బాగుపడేవాటిని బాగుచేసి, బాగుపడనివాటిని పాదరస వ్యర్థంగా పక్కన పెట్టడం మేము చేపట్టిన పని. ఇలాంటి ఎలక్ట్రోడ్ పొటెన్షియల్ (వోల్టేజి) స్థిరంగా ఉంటుంది కాబట్టి, వేరే లోహాల పొటెన్షియల్‌ను దీనితో పోల్చి కొలుస్తారు; అందుకే దీన్ని రిఫరెన్స్ ఎలక్ట్రోడ్ అంటారు. సముద్రపు నీటిలో ఇనుము తుప్పు పొటెన్షియల్ కొలిచే ప్రయోగానికి ఇవి కావాలి. ఇదే అవస్థలో ఉన్న ఎలక్ట్రోడ్లు చాలా కళాశాలల్లో ఉంటాయి కాబట్టి, ఏ లోపానికి ఏ చికిత్స పనిచేసింది, ఏది పనిచేయలేదు అన్నది కొలతలతో సహా రాసి పెడుతున్నాను. పాదరసం, దాని లవణాలు ఇంట్లో ముట్టుకోవలసినవి కావు. ఇక్కడ రాసినవన్నీ గాలిగూడు (ఫ్యూమ్ హుడ్), పాదరస వ్యర్థాల ఏర్పాటు ఉన్న ప్రయోగశాలకు మాత్రమే వర్తిస్తాయి.

కాలమెల్ అంటే మెర్క్యురస్ క్లోరైడ్. అణువులో రెండు పాదరస పరమాణువులు ఒకదానితో ఒకటి బంధం కలిగి ఉంటాయి. వాటికి అటూ ఇటూ ఒక్కో క్లోరిన్ ఉంటుంది. నాలుగూ ఒకే సరళరేఖ మీద ఉంటాయి. మోలార్ ద్రవ్యరాశి 472 గ్రాములు, సాంద్రత ఘనపు సెంటీమీటరుకు 7.15 గ్రాములు. తెల్లగా, గోటితో గీత పడేంత మెత్తగా ఉంటుంది. వేడి చేస్తే సుమారు 383 డిగ్రీల సెల్సియస్ వద్ద ద్రవం కాకుండానే ఆవిరవుతుంది. ఈ పనికి అన్నిటికన్నా ముఖ్యమైన గుణం వేరే ఉంది: లీటరు నీటిలో ఇది సుమారు 2 మిల్లీగ్రాములకు మించి కరగదు. దీనికి దగ్గరి చుట్టమైన మెర్క్యూరిక్ క్లోరైడ్ మాత్రం 20 డిగ్రీల వద్ద 100 మిల్లీలీటర్ల నీటిలో 7 గ్రాములకు పైగా కరుగుతుంది, 277 డిగ్రీల వద్ద ద్రవీభవిస్తుంది, మింగితే ప్రాణం తీస్తుంది. సీసా మీది చీటీ చెరిగిపోయి ఉంటే, రెండూ తెల్లటి పొడులే కాబట్టి, చూపును నమ్మి తీయకూడదు.

ఎలక్ట్రోడ్ నిర్మాణం తెలియకపోతే కింది దశలు అర్థం కావు. సన్నని లోపలి గొట్టంలో పై నుంచి ప్లాటినం తీగ, దాని చుట్టూ పాదరసం, కింద కాలమెల్ ముద్ద, ఆ కింద దూది బిరడా ఉంటాయి. ఈ గొట్టం బయటి గాజు గొట్టంలో వేలాడుతుంది. బయటి గొట్టంలో సంతృప్త పొటాషియం క్లోరైడ్ ద్రావణం, అడుగున దాని స్ఫటికాలు, చివర సన్నని పింగాణీ బిరడా ఉంటాయి. పక్కన ద్రావణం నింపడానికి చిన్న రంధ్రం, దాని మీద రబ్బరు తొడుగు ఉంటాయి.

వాడిన సామాను:

1. మిల్లీవోల్ట్ అమరిక ఉన్న డిజిటల్ పీహెచ్ మీటరు.
2. 10 మెగాఓమ్‌ల ఇన్‌పుట్ నిరోధం ఉన్న మామూలు మల్టీమీటరు.
3. 1 మెగాఓమ్ రెసిస్టరు, క్రొకడైల్ క్లిప్పులు.
4. జింకు పలక, 3.5 శాతం ఉప్పునీరు.
5. థర్మామీటరు, 25 డిగ్రీల వద్ద నిలబెట్టగల నీటి తొట్టి.
6. నైట్రైల్ గ్లోవ్స్, అంచు ఎత్తుగా ఉన్న ప్లాస్టిక్ ట్రే, మూత బిగుసుకునే వ్యర్థాల సీసాలు.

దశ 1: తెరవకముందే కొలత

ముందుగా కడగడం, నింపడం ఏదీ చేయలేదు. ఉన్న స్థితిలో కొలిస్తేనే లోపం ఎక్కడుందో తెలుస్తుంది. ఒకసారి కొత్త ద్రావణం పోశాక పాత సాక్ష్యం పోతుంది.

మల్టీమీటరును ఓమ్‌ల అమరికలో పెట్టి ఎలక్ట్రోడ్ నిరోధాన్ని కొలవడం సరైన పద్ధతి కాదు. ఆ అమరికలో మీటరు తానే విద్యుత్తును పంపుతుంది. అది కాలమెల్‌ను ఒకవైపు క్షయకరణానికో, మరోవైపు ఆక్సీకరణానికో నెడుతుంది. వచ్చే అంకె కూడా నిలకడగా ఉండదు. అందుకని ఈ పద్ధతిని వాడాము:

1. ఉప్పునీటి బీకరులో జింకు పలకను, పరీక్షించవలసిన ఎలక్ట్రోడ్‌ను ఉంచాలి.
2. పీహెచ్ మీటరుతో వోల్టేజి చదవాలి.
3. రెండు తీగల మధ్య 1 మెగాఓమ్ రెసిస్టరును కొన్ని క్షణాలు మాత్రమే కలిపి, పడిపోయిన వోల్టేజి చదవాలి.
4. మొదటి అంకెను రెండో అంకెతో భాగించి, ఒకటి తీసివేస్తే ఎలక్ట్రోడ్ నిరోధం మెగాఓమ్‌లలో వస్తుంది.

ఆరోగ్యంగా ఉన్న ఒక ఎలక్ట్రోడ్‌తో జింకు వోల్టేజి 1030 మిల్లీవోల్ట్‌లు వచ్చింది. రెసిస్టరు కలిపితే 1024కి దిగింది. అంటే నిరోధం సుమారు 6 కిలోఓమ్‌లు. ఎండిపోయిన మరో ఎలక్ట్రోడ్ 1030 నుంచి 660కి పడింది. నిరోధం 560 కిలోఓమ్‌లు. దీన్నే 10 మెగాఓమ్‌ల మల్టీమీటరుతో కొలిస్తే 975 కనిపించింది. 55 మిల్లీవోల్ట్‌లు మీటరు తినేసింది. విద్యార్థుల రికార్డుల్లో ఒకే జింకు పలకకు తలో విలువ ఉండడానికి కారణం ఇక్కడ దొరికింది: జింకులో తేడా లేదు, ఎలక్ట్రోడ్ నిరోధానికి మీటరు సరిపోలేదు.

రెండో పరీక్షగా, నిరోధం తక్కువగా ఉన్నవాటిని రెండేసి చొప్పున సంతృప్త పొటాషియం క్లోరైడ్‌లో ముంచి వాటి మధ్య తేడా చూశాము. ఒకే రకం ఎలక్ట్రోడ్లు కాబట్టి తేడా సున్నా రావాలి. 2 మిల్లీవోల్ట్‌ల లోపు ఉంటే మంచిది, 5 దాటితే అనుమానించాలి. ఒకదానితో ఒకటి బాగా ఏకీభవించిన రెండింటిలో ఒకదాన్ని ప్రమాణంగా ఎంచి, దాన్ని ఇక తనిఖీకి తప్ప ఏ ప్రయోగానికీ వాడకుండా సంతృప్త ద్రావణంలోనే ఉంచాము. ల్యాబ్‌లో ఇలా ముట్టకుండా ఉంచిన ఎలక్ట్రోడ్ ఒకటి లేకపోతే తక్కిన కొలతలకు పునాదే ఉండదు.

ఈ దశ చివరి లెక్క:

- బాగున్నవి: 2
- ఎండిపోయి నిరోధం పెరిగినవి: 6
- నిరోధం సరిగానే ఉండి పొటెన్షియల్ తప్పినవి: 2
- లోపలి పాదరసానికి, ముద్దకు మధ్య ఖాళీ ఏర్పడి అంకె నిలవనిది: 1
- గాజు పగిలినది: 1
- మొత్తం: 12

చివరి రెండింటిని వెంటనే వ్యర్థాల పెట్టెలో పెట్టాము. ఖాళీ ఏర్పడిన దాన్ని థర్మామీటరులా విదిలించి కలపవచ్చని కొందరు చెబుతారు. పాదరసం దిగవచ్చు, కానీ దానితోపాటు ముద్ద చెదిరి దూది బిరడాలోకి పాదరసం జారితే కొలతలు ఎప్పటికీ కుదుటపడవు. గాజు పగిలే ప్రమాదం ఉండనే ఉంది.

దశ 2: ఎండిపోయిన ఆరు

బయటి గొట్టంలో నీరు ఆవిరై, పొటాషియం క్లోరైడ్ గట్టి దిమ్మగా మారింది. పింగాణీ బిరడా రంధ్రాల్లోనూ అదే స్ఫటికాలు. రబ్బరు తొడుగు చుట్టూ ఊరగాయ జాడీ అంచున పేరుకున్నట్టు తెల్లటి ఉప్పు పాకి ఉంది. ఈ పాకుడు మన ఊళ్లో చూడడానికి మాత్రమే కాదు, కొలతకూ చెడ్డది. గాలిలో తేమ సుమారు 84 శాతం దాటితే పొటాషియం క్లోరైడ్ దానంతట అదే తడిసి కరుగుతుంది. వానాకాలపు ఉదయాల్లో విశాఖలో తేమ ఆ గీతను సులభంగా చేరుతుంది. అప్పుడు ఆ తెల్ల పొర తడి తీగలా మారి, నింపే రంధ్రం నుంచి కేబుల్ మూత వరకు విద్యుత్తుకు దొంగదారి కల్పిస్తుంది. మధ్యాహ్నం ఎండకు పొర ఆరగానే లోపం మాయమవుతుంది. ఉదయం తప్పి, మధ్యాహ్నం సరిపోయే ఎలక్ట్రోడ్ మీ దగ్గర ఉంటే ముందు మూతను తడిగుడ్డతో తుడిచి ఆరబెట్టి చూడండి.

చేసిన పని:

1. రబ్బరు తొడుగు తీసి, పైపొరను స్వేదనజలంతో తుడిచాము. తుడిచిన గుడ్డ కూడా పాదరస వ్యర్థమే.
2. నింపే రంధ్రం గుండా డ్రాపరుతో 10 శాతం పొటాషియం క్లోరైడ్ పోసి దిమ్మను మెల్లగా కరగనిచ్చాము. ఒట్టి నీరు పోయలేదు. లోపలి గొట్టంలోని క్లోరైడ్ పలచబడితే తిరిగి సమతాస్థితికి రావడానికి చాలా కాలం పడుతుంది.
3. బిరడా చివరను మాత్రమే 45 డిగ్రీల పలచని పొటాషియం క్లోరైడ్‌లో ఉంచాము.
4. పలచని ద్రావణాన్ని తీసేసి, సంతృప్త ద్రావణం నింపి, పైన చిటికెడు స్ఫటికాలు వేశాము.
5. ఎలక్ట్రోడ్‌ను నిటారుగా పట్టుకొని మెల్లగా తట్టి, దూది బిరడా కింద చిక్కుకున్న గాలిబుడగను వదిలించాము.

మూడో మెట్టులో నీరు మరిగితే పని త్వరగా అవుతుందన్న ఆలోచన రాకూడదు. వేడి పెరిగిన కొద్దీ, అందులోనూ గాఢ క్లోరైడ్ సమక్షంలో, కాలమెల్ తనలో తానే విడిపోతుంది: సగం పాదరస లోహంగా, సగం మెర్క్యూరిక్ రూపంలోకి. ఆ రెండో సగం క్లోరైడ్‌తో సంక్లిష్టమై ద్రావణంలోకి పోతుంది. కాలమెల్ ఎలక్ట్రోడ్‌ను సాధారణంగా 50 డిగ్రీలు దాటనివ్వకపోవడానికి కారణం ఇదే. ఇంకో సంగతి: నింపే ద్రావణంలో పాదరసం ఉండదనుకోవడానికి వీల్లేదనీ, దాన్ని సింకులో పారబోయకూడదనీ ఈ చర్య చెబుతోంది.

ఆరింటిలో నాలుగు 10 కిలోఓమ్‌ల లోపుకు దిగాయి. వాటిలో మూడు మర్నాటికే ప్రమాణంతో 2 మిల్లీవోల్ట్‌ల లోపు కలిశాయి. నాలుగోది మొండికేసింది, అంకె వేలితో తట్టినప్పుడల్లా గంతులు వేసేది. గాజును వెలుగుకు అడ్డంగా పట్టి చూస్తే, దూది బిరడా కింద ఆవగింజంత బుడగ తళుక్కుమంది. అది వదిలాక ఈ ఎలక్ట్రోడ్ కూడా దారికి వచ్చింది.

లెక్క: బాగున్నవి 6, బిరడా మూసుకుపోయినవి 2, పొటెన్షియల్ తప్పినవి 2, వ్యర్థం 2. వాడిన పొటాషియం క్లోరైడ్ 200 గ్రాములు. పోగైన వ్యర్థజలం సుమారు 400 మిల్లీలీటర్లు.

దశ 3: నల్లబడిన బిరడాలు

మిగిలిన రెండింటి బిరడాలూ ఉప్పు వల్ల కాక, నల్లటి మచ్చతో మూసుకున్నాయి. ఇవి గతంలో సిల్వర్ నైట్రేట్ టైట్రేషన్లకు, ఆపైన హార్బరు బురదనీటికి వాడినవి. సిల్వర్ క్లోరైడ్ రంధ్రాల్లో దిగితే, దాని మీద బురదలోని సల్ఫైడ్ పనిచేస్తే ఈ నలుపు వస్తుంది.

సిల్వర్ క్లోరైడ్‌కు పుస్తకం చెప్పే విరుగుడు అమ్మోనియా. అయితే అమ్మోనియాను కాలమెల్ దగ్గరకు రానివ్వకూడదు. ఎందుకో చూపించడానికి, పాత సీసాలోని కాలమెల్ చిటికెడు వాచ్‌గ్లాసులో వేసి, గాలిగూడులో ఒక చుక్క విలీన అమ్మోనియా వదిలాము. తెల్లటి పొడి చుక్క తాకిన చోటి నుంచి బయటికి, చూస్తూ ఉండగానే బొగ్గు రంగుకు తిరిగింది. అక్కడ ఏర్పడేవి సన్నని పాదరస కణాలు, మెర్క్యూరిక్ అమిడోక్లోరైడ్. రెండోది తెల్లదే అయినా పాదరసపు నలుపు దాన్ని కప్పేస్తుంది. బిరడా గుండా అమ్మోనియా లోపలికి పాకితే ముద్దకు ఇదే గతి పడుతుంది.

అందుకని 0.1 మోలార్ హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో 8 శాతం థయోయూరియా ద్రావణాన్ని ఎంచుకున్నాము. థయోయూరియా కూడా పాదరసాన్ని గట్టిగా పట్టుకుంటుంది, కాబట్టి ఒక షరతు ఉంది: ఎలక్ట్రోడ్ లోపలి ద్రావణ మట్టం ఎప్పుడూ బయటి మట్టం కన్నా రెండు మూడు సెంటీమీటర్లు ఎత్తుగా ఉండాలి, నింపే రంధ్రం తెరిచి ఉండాలి. అప్పుడు ప్రవాహం లోపలి నుంచి బయటికే సాగుతుంది. ఇది శుభ్రపరిచేటప్పుడే కాదు, ప్రతి కొలతలోనూ పాటించవలసిన నియమం.

ఒకదాని నలుపు పోయింది గాని నిరోధం 90 కిలోఓమ్‌ల దగ్గరే ఆగింది. సన్నని నీటి ఎమరీ కాగితంతో పింగాణీ చివరను, తడిగా ఉండగానే, ఒక వెంట్రుక మందం అరగదీస్తే 14 కిలోఓమ్‌లకు వచ్చింది. కారడం మాత్రం పెరిగింది. దీనికి తరచుగా ద్రావణం నింపవలసి వస్తుంది. బోధనకు చాలు, రాత్రంతా నడిచే కొలతకు వద్దని చీటీ కట్టాము. రెండోది పాత రకం: పింగాణీ బదులు గాజులో పొదిగిన నార పోగు. దానికి ఏదీ పనిచేయలేదు. అలాంటి పోగు ఆస్బెస్టాస్ అయ్యే అవకాశం ఉంది కాబట్టి అరగదీయడం ఊసే ఎత్తలేదు.

లెక్క: బాగున్నవి 7, పొటెన్షియల్ తప్పినవి 2, వ్యర్థం 3. వ్యర్థజలం 700 మిల్లీలీటర్లు.

దశ 4: పొటెన్షియల్ తప్పిన రెండు

ఈ డైరీ మొత్తంలో రసాయనశాస్త్రం అన్నిటికన్నా ఎక్కువ నేర్పింది ఈ రెండే.

మొదటిది ప్రమాణం కన్నా 38 మిల్లీవోల్ట్‌లు ఎక్కువ చూపుతోంది, అది కూడా రాయిలా నిలకడగా. నిలకడగా తప్పే ఎలక్ట్రోడ్ సాధారణంగా చెడిపోయినది కాదు. మరేదో సమతాస్థితిలో ఉన్నది. పొటెన్షియల్ సున్నాగా లెక్కించే హైడ్రోజన్ ఎలక్ట్రోడ్‌తో పోల్చితే 25 డిగ్రీల వద్ద సంతృప్త కాలమెల్ విలువ 0.241 వోల్ట్‌లు, 1 మోలార్ పొటాషియం క్లోరైడ్ నింపితే 0.280, 0.1 మోలార్ అయితే 0.334. మొదటి రెండింటి తేడా 39. అంటే ఎవరో 1 మోలార్ ద్రావణం నింపారు. లోపల ఒక్క స్ఫటికం కూడా లేకపోవడం దాన్ని బలపరిచింది. సంతృప్త ద్రావణంతో కొన్నిసార్లు మార్చి నింపాము. తేడా 38 నుంచి ఆ సాయంత్రానికి 21కి, తర్వాత రోజులు గడిచిన కొద్దీ 9కి, 4కి, చివరకు 1కి వచ్చింది. బయటి ద్రావణం నిమిషాల్లో మారుతుంది. దూది బిరడా దాటి ముద్ద వరకు క్లోరైడ్ చేరడం మాత్రం నెమ్మదిగా సాగుతుంది. తొందరపడి ఆ సాయంత్రమే దీన్ని వ్యర్థంలో వేసి ఉంటే మంచి ఎలక్ట్రోడ్ ఒకటి పోయేది.

రెండోది ప్రమాణం కన్నా 31 మిల్లీవోల్ట్‌లు తక్కువ, అదీ గంట గంటకూ దిగుతూ. ద్రావణం మార్చితే కొంచెం లేచి మళ్లీ జారేది. లోపలి గొట్టాన్ని భూతద్దంతో చూస్తే, దూది బిరడాకు సరిగ్గా పైన, బూడిదరంగు ముద్ద అడుగున, ఆకుపచ్చ ఛాయ ఉన్న పసుపు పట్టీ కనిపించింది. అది మెర్క్యురస్ అయొడైడ్. పాత రికార్డు తిరగేస్తే ఈ ఎలక్ట్రోడ్‌ను పొటాషియం అయొడైడ్ టైట్రేషన్లకు, లవణ సేతువు (రెండు ద్రావణాలు కలవకుండా విద్యుత్తును మాత్రం దాటనిచ్చే ఉప్పు గొట్టం) లేకుండా నేరుగా ముంచి వాడారని తేలింది.

ఇది ఎందుకు తిరిగి రాదో మూడు అంకెలు చెబుతాయి. 25 డిగ్రీల వద్ద మెర్క్యురస్ క్లోరైడ్ ద్రావణీయతా లబ్ధం (ద్రావణంలో నిలవగల అయాన్ల గాఢతల లబ్ధం) సుమారు 1.4 × 10⁻¹⁸, బ్రోమైడ్‌ది 6.4 × 10⁻²³, అయొడైడ్‌ది 5 × 10⁻²⁹. మెట్టు మెట్టుకూ ఈ లబ్ధం వేల, లక్షల వంతున తగ్గుతుంది. లోపలికి వచ్చిన ప్రతి అయొడైడ్ అయాన్ కాలమెల్‌లోని క్లోరైడ్‌ను తోసి ఆ స్థానాన్ని ఆక్రమిస్తుంది. గాఢమైన పొటాషియం క్లోరైడ్‌తో ఎన్నిసార్లు కడిగినా ఆ చర్య వెనక్కి నడవదు. ప్రమాణ పొటెన్షియల్ కూడా అదే వరుసలో దిగుతుంది: క్లోరైడ్‌కు 0.268 వోల్ట్‌లు, బ్రోమైడ్‌కు 0.139, అయొడైడ్‌కు సున్నా కన్నా 0.04 తక్కువ. మా ఎలక్ట్రోడ్ ఆ మెట్లు దిగడం మొదలుపెట్టింది. దాన్ని వ్యర్థంలో వేశాము.

ఇక్కడే ఒక చిన్న లెక్క వేసుకోవడం బాగుంటుంది. సంతృప్త పొటాషియం క్లోరైడ్‌లో క్లోరైడ్ గాఢత సుమారు 4.2 మోలార్. పై లబ్ధాన్ని దాని వర్గంతో భాగిస్తే మెర్క్యురస్ అయాన్ గాఢత 8 × 10⁻²⁰ మోలార్ వస్తుంది. అంటే కాగితం మీద, మిల్లీలీటరుకు యాభై అయాన్ల లోపు. అంత తక్కువ అయాన్ల మీద వోల్టేజి స్థిరంగా నిలవడం వింతగా తోస్తుంది గాని, పాదరసం ఉపరితలానికి ఆనుకొని గట్టి కాలమెల్, చుట్టూ అంతులేనంత క్లోరైడ్ ఉన్నాయి కాబట్టి చిన్నపాటి విద్యుత్తు ప్రవహించినా రెండింటి నిల్వా తరగదు. స్థిరత్వం ఆ నిల్వలదే.

రంగు గురించి ఒక హెచ్చరిక. కాలమెల్ తెల్లనిది, వెలుగులో మెల్లగా పాదరసంగా, మెర్క్యూరిక్ క్లోరైడ్‌గా విడిపోయి నల్లబడుతుంది అని చదివినవారు ఎలక్ట్రోడ్‌లోని బూడిదరంగు ముద్దను చూసి చెడిపోయిందనుకుంటారు. మా ల్యాబ్ అటెండరు కూడా “ఇవన్నీ మాడిపోయాయి సార్, పడేద్దామండి” అన్నారు. ముద్దను తయారుచేసేటప్పుడే కాలమెల్‌ను పాదరసంతో కలిపి నూరుతారు. బూడిదరంగు దాని సహజ వర్ణం. బూడిదరంగు తప్పు కాదు, పసుపు తప్పు. మిగతాది వోల్టేజి చెప్పాలి. వెలుగు విషయంలో మాత్రం కిటికీ పక్క అరను మానేసి, గొట్టాలకు అల్యూమినియం రేకు చుట్టాము.

లెక్క: బాగున్నవి 8, వ్యర్థం 4, మొత్తం 12. పొటాషియం క్లోరైడ్ 280 గ్రాములు. వ్యర్థజలం 1.3 లీటర్లు.

దశ 5: క్విన్‌హైడ్రోన్‌తో తనిఖీ

ఎనిమిదీ ఒకదానితో ఒకటి ఏకీభవించాయి. కానీ ఎనిమిదీ ఒకే తప్పు చేస్తూ ఉండవచ్చు. అందుకు బయటి సాక్షి కావాలి. ముంచిన ప్లాటినం తీగ పొటెన్షియల్‌ను ద్రావణపు పీహెచ్‌కు కట్టిపడేసే సేంద్రియ పొడి క్విన్‌హైడ్రోన్ ఆ సాక్షి. పీహెచ్ మారకుండా నిలిపే థాలేట్ బఫరులోనూ (4.01), ఫాస్ఫేట్ బఫరులోనూ (6.86), కరగని పొడి కొంచెం మిగిలేలా క్విన్‌హైడ్రోన్ కలిపి, మెరిసేలా శుభ్రం చేసిన ప్లాటినం తీగను ముంచి కొలిచాము. ద్రావణం అప్పటికప్పుడు తయారుచేసి వెంటనే వాడాలి. పీహెచ్ 8 దాటిన ద్రావణాల్లో ఈ పద్ధతి పనిచేయదు.

25 డిగ్రీల వద్ద రావలసినవి: పీహెచ్ 4.01లో సుమారు 218 మిల్లీవోల్ట్‌లు, 6.86లో సుమారు 49. ఈ లెక్కలో సంతృప్త కాలమెల్‌కు 241 బదులు 244 వాడాలి. ద్రావణాల సంధి వద్ద పుట్టే కొద్దిపాటి పొటెన్షియల్ కూడా అందులో కలిసి ఉంటుంది. మా ప్రమాణానికి 217, 49 వచ్చాయి. ఆరు ఎలక్ట్రోడ్లు రెండు బఫర్లలోనూ 3 మిల్లీవోల్ట్‌ల లోపు నిలిచాయి. ఎమరీ పెట్టినది 221, 53 చూపింది. రెండు అంకెల మధ్య తేడా 168 రావడం పద్ధతి సరిగా నడిచిందనడానికి గుర్తు. తేడా సరిపోయి రెండూ ఒకే వైపు జరిగితే తప్పు రిఫరెన్స్‌ది.

ఉష్ణోగ్రత మీద ఇక్కడే కొంత కాలం గడిపాము, ఎందుకంటే విశాఖ మే నెలలో 25 డిగ్రీలు ఉచితంగా దొరకవు. సంతృప్త కాలమెల్ పొటెన్షియల్ ప్రతి డిగ్రీకి సుమారు 0.66 మిల్లీవోల్ట్ తగ్గుతుంది. 35 డిగ్రీల గదిలో అది 241 కాదు, 234 దరిదాపుల్లో ఉంటుంది. ఇది లెక్కించదగిన మార్పు. ఇబ్బంది పెట్టేది వెనకబాటు. ఒక ఎలక్ట్రోడ్‌ను రాత్రంతా 36 డిగ్రీల తొట్టిలో ఉంచి, ఉదయం 26 డిగ్రీల తొట్టిలో ప్రమాణం పక్కన పెడితే 4 మిల్లీవోల్ట్‌లు తక్కువ చూపింది. మధ్యాహ్నం దాటితే గాని 1కి చేరలేదు. 100 గ్రాముల నీటిలో పొటాషియం క్లోరైడ్ 20 డిగ్రీల వద్ద సుమారు 34 గ్రాములు, 30 వద్ద 37, 40 వద్ద 40 కరుగుతుంది. వేడెక్కినప్పుడు కరిగినదంతా చల్లబడినప్పుడు తిరిగి స్ఫటికంగా దిగాలి. దూది బిరడా వెనక అది నెమ్మదిగా జరుగుతుంది. పైగా ఆ స్ఫటికాలు పింగాణీ రంధ్రాల్లోనూ దిగి, దశ 2లో కరిగించిన దిమ్మను మళ్లీ కట్టిస్తాయి. కాబట్టి గదిలో ఏసీని వేస్తూ తీస్తూ ఉండడం కన్నా, అసలు వేయకుండా గది ఉష్ణోగ్రతను రాసుకొని సవరించడమే మేలని నిర్ణయించాము.

దశ 6: సొంతంగా ఒక సెల్

విద్యార్థులకు లోపలి భాగాలు కనిపించేలా హెచ్ అక్షరం ఆకారంలో ఉండే ఒక గాజు హెచ్-సెల్‌లో కాలమెల్ ఎలక్ట్రోడ్ కట్టాము. కొత్త పాదరసం కొనలేదు. మెర్క్యురీ మీద మినమాటా ఒడంబడిక 2017లో అమల్లోకి వచ్చింది, భారత్ 2018లో ధ్రువీకరించింది. ఉన్న నిల్వను పెంచకపోవడం మంచిదన్నది నా అభిప్రాయం. పాత బారోమీటరు పాదరసాన్నే వాడాము.

పాత సీసాలోని కాలమెల్‌ను ముందుగా పరీక్షించాము. ఏళ్ల తరబడి నిలవుంటే దానిలో కరిగే మెర్క్యూరిక్ క్లోరైడ్ చేరుతుంది. ఒక గ్రామును స్వేదనజలంతో కుదిపి, వడపోసి, దిగిన నీటిలో పొటాషియం అయొడైడ్ పలచని ద్రావణం ఒకే ఒక చుక్క వేశాము. చుక్క పడిన చోట నారింజ-ఎరుపు మబ్బు లేచింది: మెర్క్యూరిక్ అయొడైడ్. రెండు మూడు చుక్కలు ఎక్కువైతే ఆ ఎరుపు అదనపు అయొడైడ్‌లో కరిగి మాయమవుతుంది, మలినం లేదన్న తప్పుడు తీర్పు వస్తుంది. ఈ పరీక్ష తప్పేది సాధారణంగా అక్కడే. ఎరుపు రాకుండా పోయేవరకు నీటితో, చివరిసారి సంతృప్త పొటాషియం క్లోరైడ్‌తో కడిగాము.

1. పాదరసాన్ని విలీన నైట్రిక్ ఆమ్లంతో, ఆపైన నీటితో కడిగి, వడపోత కాగితపు సూదిరంధ్రం గుండా జార్చి ఆరబెట్టాము. తెల్ల కాగితం మీద దొర్లించినప్పుడు బొట్టు వెనక తోక మిగలకపోతే జింకు, సీసం వంటి లోహాలు లేవని అర్థం.
2. ప్లాటినం తీగ మునిగేలా 2 మిల్లీలీటర్లు పోశాము. బరువు 27 గ్రాములు.
3. కాలమెల్‌ను ఒక పాదరసపు బొట్టుతో, కొన్ని చుక్కల సంతృప్త ద్రావణంతో బూడిదరంగు వచ్చేవరకు నూరి, పాదరసం మీద పరిచాము.
4. సంతృప్త ద్రావణం, స్ఫటికాలు చేర్చాము.

నాలుగో మెట్టులో ద్రావణాన్ని నేరుగా పోసిన సెల్‌లో ముద్ద లేచి చెదిరి, పక్క గొట్టంలోకి పాకింది. విప్పి మళ్లీ కట్టి, ఈసారి గాజుకడ్డీ వెంట చుక్కలుగా జార్చాము, పొర చెక్కుచెదరలేదు. కట్టిన వెంటనే తేడా 6 మిల్లీవోల్ట్‌లు ఉంది. కదపకుండా వదిలేస్తే రెండో రోజుకు 1 లోపుకు వచ్చింది.

పనంతా గాలిగూడులో, ట్రే మీద. 20 డిగ్రీల వద్ద పాదరసం ఆవిరితో నిండిన గాలిలో ఘనపు మీటరుకు సుమారు 13 మిల్లీగ్రాములు ఉంటుంది. 30 డిగ్రీల వద్ద అది రెట్టింపు దాటుతుంది. చల్లటి ఊరి పుస్తకాల్లోని జాగ్రత్తలు మన వేసవికి సరిపోవు.

లెక్క: బాగున్నవి 8, సొంత సెల్ 1, వ్యర్థం 4. పొటాషియం క్లోరైడ్ 360 గ్రాములు. వ్యర్థజలం 2.1 లీటర్లు.

దశ 7: సముద్రపు నీటిలో

లాసన్స్ బే నుంచి తెచ్చిన నీటిలో, ఎమరీతో రుద్దిన మెత్తటి ఉక్కు ముక్కను ముంచి కొలిచాము. కాలమెల్‌కు, నీటికి మధ్య పొటాషియం క్లోరైడ్-అగర్ సేతువు పెట్టాము. అయొడైడ్ కథ విన్నాక నేరుగా ముంచడానికి ఎవరికీ చేయి రాలేదు. ముంచిన వెంటనే −480 మిల్లీవోల్ట్‌లు, గంటకు −600, మర్నాటికి −690. అదే ముక్కకు చిన్న జింకు దిమ్మను తీగతో కలిపితే −1000 వైపు దిగింది. పడవల అడుగున జింకు దిమ్మలు బిగించేది ఈ పని కోసమే. బాగున్నవాటిలో ఏ ఎలక్ట్రోడ్‌తో కొలిచినా ఉక్కు విలువ 3 మిల్లీవోల్ట్‌లకు మించి మారలేదు, ఎమరీ పెట్టినదానితో మాత్రం 5 మారింది.

ఫిషింగ్ హార్బరు జెట్టీ మీద కొలవడానికి మాత్రం వీటిని పంపలేదు. చేయి జారితే పాదరసం సముద్రంలో కలుస్తుంది. అక్కడికి సిల్వర్-సిల్వర్ క్లోరైడ్ ఎలక్ట్రోడ్ వెళ్తుంది. సంతృప్త పొటాషియం క్లోరైడ్ నింపిన ఆ రకం కాలమెల్ కన్నా సుమారు 45 మిల్లీవోల్ట్‌లు దిగువన ఉంటుంది కాబట్టి, జెట్టీ మీద −645 వస్తే ల్యాబ్‌లోని −690తో అది సమానం. రికార్డులో ప్రతి అంకె పక్కన రిఫరెన్స్ పేరు రాయని కొలతను ఇకపై దిద్దకుండానే తిప్పి పంపుతాము.

వ్యర్థమైన నాలుగు ఎలక్ట్రోడ్లు, తుడిచిన గుడ్డలు, 2.1 లీటర్ల జలం, వాచ్‌గ్లాసులోని నల్లటి పొడి చీటీలతో సహా రెండు పెట్టెల్లో సిద్ధంగా ఉన్నాయి. అవి పరవాడలోని ప్రమాదకర వ్యర్థాల కేంద్రానికి వెళ్లాలి. సొంత సెల్ పొటెన్షియల్‌ను వారానికోసారి ప్రమాణంతో పోల్చి రాస్తున్నాము. అది 3 మిల్లీవోల్ట్‌లు దాటితే ముందు ద్రావణం మారుస్తాము. అప్పటికీ దిగకపోతే ముద్దను చూస్తాము.